మరియమ్మ దించని పాట

నేను పాలకొల్లు కొట్లలో పెరిగినవాణ్ణి. రెట్టింపు ధర చెప్పి, అవతలివాళ్లు బేరమాడితే దిగిరావడం మా పద్ధతి. క్రైస్తవంలో చేరినా ఆ బుద్ధి పోలేదు. చర్చిలో నాకిష్టమైన కీర్తనను అందనంత శ్రుతిలో ఎత్తుకునేవాణ్ణి.

ఆడవాళ్ల వైపు నుంచి చేపలమ్మే మరియమ్మ, "అంత ధరకి మేం కొనలేమండి, కాస్త దిగండి," అని కింది శ్రుతిలో అందుకునేది. అందరూ నవ్వుతూ పాడేవారు. ఆ నవ్వు కోసమే ప్రతి ఆదివారమూ పైన ఎత్తుకునేవాణ్ణి.

ఒక వేసవిలో ఆమెకు కలరా సోకింది. "నన్ను మోసుకెళ్లేటప్పుడు ఆ పాటే పాడండి బాబూ. మధ్యలో ఆపకండేం," అంది. సరేనని మాటిచ్చాను.

మర్నాడు కాలవగట్టు మీద శవపెట్టె వెంట పాట ఎత్తుకున్నాను, అలవాటుకొద్దీ పైనే. రోగభయంతో ఆడవాళ్లెవరూ రాలేదు. వచ్చిన నలుగురు మగవాళ్ల గొంతులూ ఆ శ్రుతి అందక ఒక్కొక్కటే ఆగిపోయాయి. దిగడం నాకు చేతకాలేదు. ఎప్పుడూ దించింది ఆవిడే కదా. రెండో చరణంలో నేనూ ఆపేశాను. మిగిలిన దారంతా పాట లేకుండానే నడిచాం.

గెలిచిన బేరాలన్నీ మరిచిపోయాను. ఆవిడ నన్ను అడిగింది ఒక్క పాట. అదీ సగమే ఇచ్చాను.