రెండో విజిల్

రేపల్లెలో టైలరింగ్ చేసుకునే నేను, ఒకప్పుడు కబడ్డీ ఆడినదాన్ననే ధైర్యంతో, స్కూలు పిల్లలకు ఆటలు నేర్పే వాలంటీర్ల శిక్షణ కోసం కిందటేడు బాపట్ల వెళ్ళాను. ఆఖరి రోజు మాచేతే పిల్లల్ని ఆడించారు. "ఎవరైనా పడితే విజిల్ వేస్తాను. మళ్ళీ వేసేదాకా ఒక్కరు కూడా కదలొద్దు" అని ముందే గట్టిగా చెప్పాను.

కూతకెళ్ళిన పాప దబ్బున పడింది. విజిల్ వేశాను. అందరూ ఆగిపోయారు. పాప మాత్రం కళ్ళు మూసుకుని అలాగే పడి ఉంది. పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. "సార్!" అని కేకేశాను. శిక్షణ ఇచ్చే సారు పరుగెత్తుకొచ్చి, పాప రెప్పలు అదరడం చూసి, "రెండో విజిల్ వేయలేదేంటండీ?" అన్నారు.

గబగబా ఊదాను. పాప చటుక్కున లేచి, "మీరేగా టీచర్ కదలొద్దన్నారు!" అంది.

నేను అక్కడే కూలబడ్డాను. నవ్వానో ఏడ్చానో తెలియదు. ఇప్పుడు ఆట మొదలుపెట్టే ముందు ప్రతిసారీ చెబుతాను: "పడ్డవాళ్ళు మాత్రం పలకాలి తల్లీ, లేకపోతే నా గుండె ఆగిపోద్ది!"