తంగేడు కషాయానికి పెట్టిన పరీక్ష

ఇది ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం వచ్చేది కాదు. పని మానేశాక వయోజనుల తరగతిలో, నా మనవరాలి ఈడు పంతులమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. చెప్పబోయేది 1962 నాటి సంగతి. అప్పుడు చిక్కబళ్ళాపురంలో ఒక ఆసుపత్రి లాబొరేటరీలో గాజు సామాను కడిగేదాన్ని.

పెనిసిలిన్ వచ్చిన కొత్తలో ఎంత చీముగడ్డైనా సూదితో తగ్గేది. తర్వాత కొన్ని క్రిములు దానికి లొంగడం మానేశాయి. వాటిని చంపే మందు మన చెట్లలో ఉందేమోనని మా డాక్టరమ్మ వెతికేవారు. పెట్రి డిష్ అనే మూత ఉన్న గాజు పళ్లెంలో క్రిములను పెంచి, మధ్యలో మందులో తడిపిన కాగితపు బిళ్ల పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి తేటగా వలయం వస్తుంది.

బాగేపల్లి తాలూకా పాతపాళ్యలో నాగమ్మ అనే రైతు ఇల్లాలు పుండ్లకు తంగేడు బెరడు, చింతపండు కలిపి కాచిన కషాయం ఇచ్చేది. ఆమె కాచి పంపినదానికి మా పళ్లెంలో పెద్ద వలయం వచ్చింది.

ఆ మాట వార్డుకు పాకింది. అక్కడ చింతామణి నుంచి వచ్చిన బాలింత రత్నమ్మ ఉంది. రొమ్ములో గడ్డ, సూదులు పనిచేయలేదు, కోయాలన్నారు. జ్వరం పెరగకపోతే నాలుగైదు రోజులు ఆగొచ్చన్నారు డాక్టరమ్మ. రత్నమ్మ నా చెంగు పట్టుకుంది.

"మా చెల్లెలు కోత కోసినాకే పోయిందక్కా. ఆ కసాయం యాడుండాదో చెప్పు, నేనే పూసుకుంటా."

"పరీక్ష చేస్తాండారు. నేనెట్ల ఇచ్చేది?"

"నువ్వు కడిగే గిన్నెలో అడుగున మిగిలిందే ఇయ్యి."

డాక్టరమ్మ తంగేడు బెరడు, చింతపండు బయట తెప్పించి, తానే గాజు పాత్రలో కాచి చూశారు. వలయం రాలేదు. మళ్లీ కాచినా రాలేదు. మర్నాడు డాక్టరమ్మా నేనూ బస్సెక్కి పాతపాళ్య వెళ్లాం.

"మా తంగేడు మీ గాజు మీద అలిగినట్లుండాదమ్మా" అని నవ్వింది నాగమ్మ. మందు బెరడును పచ్చిగా పరాయి చేతికి ఇవ్వకూడదని, ఇంటి పెద్దకోడలే కాచి ఇవ్వాలని వాళ్ల ఆచారమట. కాచేది కళాయి లేని రాగి తపేలాలో. డాక్టరమ్మ లోపలికి తొంగిచూశారు. అడుగంతా పచ్చటి చిలుము. బెరడు వేయకుండా వట్టి చింతపండు నీళ్లు అందులోనే కాయించి సీసాలో నింపించుకున్నారు.

మరునాటికి ఆ నీళ్లకూ అంతే వలయం వచ్చింది.

"ఇది తంగేడు పని కాదు, పులుపుకు కరిగిన రాగిది. క్రిమితోపాటు కండనూ తింటుంది. పుండులో పొయ్యలేం" అన్నారు డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు, బాధ లేదు. కోత ఇక ఆపడానికి లేదని, రత్నమ్మకు నన్నే చెప్పమన్నారు.

చెప్పాను. రత్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. "నువ్వు పక్కనుంటావా?" అంది. ఉంటానన్నాను.

ఈ పని నాకు నేర్పింది ఇది: ఎవరు ఏ మందు మెచ్చుకున్నా, దేంట్లో కాచారని ముందు అడుగుతాను.

మరుసటి పొద్దున లాబొరేటరీ తాళం తియ్యలేదు. నేరుగా వార్డుకు వెళ్లి, పాలకు ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని, రత్నమ్మ వెంట కోతగది దాకా నడిచాను. తలుపు దగ్గర బిడ్డను నర్సుకిచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లాను.