జీపు బ్రేకులూ మేస్త్రీ పేరూ

నేను భయస్తురాలిని. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసే రకం. గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానంతో ఎన్ని బస్సులు మధ్యలో దిగిపోయానో లెక్కలేదు. అలాంటిదాన్ని, యాభై రెండో ఏట, నాకంటే కాస్తే చిన్నదైన ఒక పాత జీపు కొన్నాను. ఎందుకని అడిగినవాళ్ళందరికీ పుదూరు అవతల ఉన్న మా చేను సాకుగా చూపించాను. అంతా నల్లరేగడి, ఒక్క వాన పడితే మోటార్ సైకిలు కూడా మట్టి పూసుకుని మొరాయిస్తుంది, జీపైతేనే పోగలదు అన్నాను. అది సగం నిజం. చిన్నప్పుడు మా ఊరికి టీకాలవాళ్ళ జీపు వచ్చేది. మగపిల్లల్ని ఎక్కించుకుని ఊరి చివరి దాకా తిప్పేవాళ్ళు, ఆడపిల్లల్ని మాత్రం ఇంటికి పొమ్మనేవాళ్ళు. మిగతా సగం నిజం అది.

మా ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నారు. నా తప్పు వల్ల జీపుకు ఏమైనా అయితే తాళంచెవి ఆయన చేతికి ఇచ్చేయాలి, మళ్ళీ అడగకూడదు. ఆయనా భయస్తుడే. కాకపోతే ఆయన భయానికి మా ఇంట్లో వివేకమని పేరు. సరేనన్నాను.

జీపు విరుదునగర్‌లో ఒక మిరపకాయల గోదాము వెనక దొరికింది. బానెట్ మీద ఖాళీ గోనెసంచులు, డ్రైవర్ సీటులో గుడ్ల మీద కూర్చున్న కోడి. మిరప ఘాటుకు తుమ్ముతూనే బేరం చేశాను. గోదాము ఆసామి నన్ను జాలిగా చూసి, కోడి మాత్రం ఇవ్వనన్నాడు.

జీపును బాగుచేసిన మేస్త్రీదీ విరుదునగరే. అరవై దాటిన మనిషి, రేకుల షెడ్డులో ఒక్కడే పని చేస్తాడు. బోర్డు లేదు, ప్రకటన లేదు. ఒక పాత జీపువాడు ఇంకో పాత జీపువాడికి చెబితేనే ఆయనకు పని. మేముండేది తమిళనాడు, మొదటి రోజు ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. మధ్యలో ఇంటినుంచి ఫోనొస్తే నేను మా తెలుగులో మాట్లాడాను. ఫోను పెట్టేసరికి ఆయన కూడా తెలుగులోకి వచ్చేశాడు. మీరూ తెలుగేనా అన్నట్టు చూశాను, మేమూనూ అన్నట్టు తలూపాడు. ఆ తర్వాత మా మధ్య తమిళం రాలేదు.

ఎనిమిది నెలలు పట్టింది. ఎలుకలు కొరికిన వైర్లన్నీ మార్చాడు. తుప్పు పట్టి జల్లెడైన అడుగు రేకు కోసి కొత్తది అతికించాడు. విరిగిన కమాను పట్టీలకోసం మూడు ఊళ్ళు తిరిగాడు. ఫోర్‌వీల్ లివరు ఎన్నేళ్ళుగానో బిగుసుకుపోయి ఉంటే, దాన్ని విప్పి కడిగి మళ్ళీ కూర్చి, నా చేత లాగించి చూపించాడు. అది కట్ మని పడిన చప్పుడుకు నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. సిగ్గుపడి మిరప ఘాటు మీదికి నెట్టాను. షెడ్డులో ఒక్క మిరపకాయ కూడా లేదు.

ఆ జీపులో బ్రేకు ఆయిల్ పోసే చోటు బానెట్ కింద ఉండదు. డ్రైవర్ కాళ్ళ దగ్గర, నేల రేకు మీద చిన్న పలక ఉంటుంది. అది తీస్తే మాస్టర్ సిలిండర్ మూత. మేస్త్రీ నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి అది చూపించాడు.

"ఈ గుంతలో బ్రేకు ఆయిలు తప్ప ఇంకేమీ పొయ్యకూడదమ్మా. ఒక్క బొట్టు గూడా. ఒక వేలు వెలితి ఉండాల, అంతే."

నాలాంటిదానికి ఆ మాట చాలు. జీపు మా ఊరు కోవిల్‌పట్టికి వచ్చిన మర్నాటినుంచి రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే పలక తీసి, టార్చి వేసి తొంగి చూసేదాన్ని. మా మామ పక్కనే కుర్చీ వేసుకుని చూస్తుండేవాడు. మా ఆయనకు తండ్రి, నాకు వరసకే కాదు, సొంత మేనమామ. ఎనభై దాటాయి. చేను కౌలుకిచ్చేశాక, ఎద్దులు అమ్మేశాక ఆయనకు చూసుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. జీపు వచ్చినప్పటినుంచి పొద్దుటి కాఫీ దాని పక్కనే. ఒక వారం గుంత అంచు దాకా నిండుగా కనిపించింది. నిండుగా ఉంటే మంచిదేగా అనుకున్నాను. అన్నిటికీ భయపడే నేను భయపడాల్సిన ఆ ఒక్కచోట భయపడలేదు.

ఆ వారాంతంలో వాన పడింది. మామను ముందు సీటులో కూర్చోబెట్టుకుని చేనికి బయల్దేరాను. రోడ్డు దిగగానే ఫోర్‌వీల్ వేశాను. నాలుగు చక్రాలూ జిగట రేగడిని పట్టుకుని, మెల్లగా, మొండిగా ముందుకు లాగాయి. మామ డాష్‌బోర్డు పట్టుకుని, ఎద్దులను అదిలించినట్టు నాలుకతో చప్పుడు చేస్తున్నాడు. గట్టు ఎక్కాం, వాగు దాటాం, కౌలుదారు నోరు తెరుచుకుని చూస్తుండగా చేను చుట్టూ ఒక చుట్టు వేశాం. ఆ గంటసేపు నాకు గ్యాస్ కూడా గుర్తుకు రాలేదు.

తిరుగుదారిలో బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ తొక్కినా ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంది. తర్వాత కాలిన వాసన. బ్రేకు పెడలు రాయిలా గట్టిపడింది. ఏమిటో తేల్చుకునేలోపు ఎదురుగా మేకల మంద. తొక్కాను. బండి ఒక పక్కకు ఈడ్చుకుపోయి, రోడ్డు దిగి, తుమ్మకంపలో దూరి ఆగింది. మేకలకేమీ కాలేదు. మామ మోచెయ్యి చీరుకుపోయింది, పంచె మీద రక్తం. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

బండి దిగకముందే మేస్త్రీకి ఫోను చేశాను. అనరాని మాటలన్నాను. మనిషిని చంపేవాడివి, పాత రబ్బర్లు వేసి మోసం చేశావు, నీ షెడ్డుకు ఇంక ఎవడొస్తాడో చూస్తాను అన్నాను. అదంతా తమిళంలోనే అన్నాను, ముక్కూ మొహం తెలియనివాణ్ణి తిట్టినట్టు. ఆయన ఆఖరుదాకా విని, పెద్దాయనకు దెబ్బ ఎంత తగిలిందని మాత్రం అడిగాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు పనిముట్ల సంచితో వచ్చాడు. అప్పటికి బండిని ట్రాక్టరుతో ఈడ్చుకొచ్చి మా వాకిట్లో పెట్టాం. నేరుగా బండి దగ్గరకు పోయి సంచి దించాడు. మాస్టర్ సిలిండర్ విప్పి రబ్బరు కప్పులు బయటకు తీశాడు. నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయి, బ్రేకులను వదలకుండా పట్టేసి ఉన్నాయి. గుంతలో మిగిలినదాన్ని వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు. నువ్వుల నూనె, మేం నల్లెణ్ణె అనేది.

మామ కుర్చీలోంచి గర్వంగా చెప్పాడు.

"నేనే పోస్తిని. పాప దినమూ దాని నోరు తెరిచి చూసేది. ఎండిపోయుండాది. వానాకాలం వస్తాది, బండికి బలం వద్దా?"

మా వైపు దుక్కి మొదలయ్యే ముందు ఎద్దులకు వెదురు గొట్టంతో నువ్వుల నూనె పట్టించేవాళ్ళు. తల ఎత్తిపట్టి నాలుగైదు రోజులు కొంచెం కొంచెంగా పోసేవాళ్ళు. మామ అరవయ్యేళ్ళు చేసిన పని అది. జీపుకు నోరెక్కడుందో ఆయనకు చూపించింది మాత్రం నేను, రోజూ పొద్దున్నే టార్చి వేసి మరీ.

మా ఆయన లోపల్నుంచి వస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. వింటే తండ్రిని ఏమంటారో నాకు తెలుసు. అప్పటికే మామ మతిమరుపు గురించి ఇంట్లో గుసగుసలు. ఇక వాకిట్లోకి కూడా ఒంటరిగా రానివ్వరు. మేస్త్రీ వేలు గుడ్డకు తుడుచుకున్నాడు.

"రబ్బరు పాతదయ్యా. నా తప్పే. మార్చి ఇస్తా," అన్నాడు మా ఆయనతో. తర్వాత మామ దగ్గరకు వెళ్ళి వంగి, చిన్నగా, ఇంక దానికి తాగించాల్సిన పని లేదని, తనే చూసుకుంటానని చెప్పాడు. మేస్త్రీ వాళ్ళ నాన్న మా వాళ్ళలాంటి ఆసాముల ఇళ్ళలోనే ఎద్దులకు గొట్టం పట్టేవాడని ఒకసారి చెప్పి ఉన్నాడు.

నేను నోరు తెరవలేదు. తప్పు ఆయన మీద పడింది, మామ బయటపడ్డాడు, జీపు నాకు మిగిలింది. సాయంత్రానికి బ్రేకులన్నీ కడిగి కొత్త కప్పులు వేసి ఆయన బస్సెక్కాడు. ఫోనులో అన్న మాటలకు క్షమించమనడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. జీపు ఎక్కితే కాళ్ళ కింద ఆ పలక నన్నే చూస్తున్నట్టుండేది.

రెండు వారాల తర్వాత మా ఆయన చిన్నాన్న కొడుకు భోజనానికి వచ్చాడు. కొండ మీద కాఫీ తోటలో పడి ఉన్న పాత జీపొకటి దొరికిందనీ, విరుదునగర్ మేస్త్రీకే ఇద్దామనుకుంటున్నాననీ చెప్పాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. వాడి దగ్గరికి మాత్రం పోవద్దు, మా నాన్న చచ్చి బతికాడు, పాత రబ్బరు వేశానని వాడే ఒప్పుకున్నాడు, ఈ మాట నలుగురికీ చెప్పు అన్నారు. నా చేతిలో రసం గరిటె ఉంది. ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెబుతారు. బోర్డు లేని ఆ షెడ్డుకు ఇక బండి రాదు. గరిటె గిన్నెలో పెట్టేశాను.

"ఆయన మీద తప్పు లేదు. నల్లెణ్ణె పోసింది నేనే."

ఎందుకు పోశావని మా ఆయన అడగలేదు. నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెయ్యి చాచారు. కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చేశాను. కాఫీ తోట జీపు ఆ మరుసటి సోమవారమే విరుదునగర్ చేరిందని తర్వాత విన్నాను.

మొన్న మళ్ళీ వాన పడింది. పొద్దున్నే మామ పంచె మార్చుకుని, తలపాగా చుట్టుకుని, నాకంటే ముందే వెళ్ళి జీపు ముందు సీటులో కూర్చున్నాడు.

"ఎప్పుడు పోతాం పాపా, చేనికి?"

కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, నేల ఇంకాస్త తడవనీ మామా అన్నాను. సరేనని సర్దుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడికే తెమ్మన్నాడు.