డ్రైవరు అంకమ్మరావు నిద్రాన్వేషణ

నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లల్ని చేరవేసే పసుపు బస్సును అంకమ్మరావు ఏళ్ళ తరబడి నడిపాడు. ఆ ఏళ్ళలో చెప్పుకోదగ్గ విశేషం ఒక్కటీ జరగలేదు. డ్రైవరుకు అంతకు మించిన బిరుదు లేదు. అలాంటి మనిషి సంక్రాంతి సెలవులైన కొత్తల్లో ఒక పొద్దున బస్సును తిన్నగా బడి ముందు ఆపి, ప్రిన్సిపాల్ వందన గదిలోకి వెళ్ళి, తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదమ్మా. ఇయ్యాల ఒక స్టాపు దాటిపోయిన సంగతి నాకు తెలవలా. పిల్లలు అరిస్తే తెలిసింది. నిద్ర కుదిరిందాకా స్టీరింగ్ ముట్టుకోను."

తప్పు చేసి దాచేవాళ్ళను పట్టుకోవడంలో వందనకు అనుభవముంది. తప్పు బయటపడకముందే వచ్చి ఒప్పుకునేవాళ్ళను ఏం చెయ్యాలో ఆమెకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. చాలాసేపు ఆలోచించి, బస్సును వేరొకరికి అప్పగించి, పిల్లల్ని ఎక్కించి దించే పని ఆయనకిచ్చింది. వేసవి సెలవుల్లోగా నిద్ర కుదరకపోతే ఆ వేరొకరినే ఖాయం చెయ్యక తప్పదని కూడా మెత్తగా చెప్పింది.

అప్పటి నుంచి అంకమ్మరావు వెనక తలుపు దగ్గర నిలబడి, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో బ్రేకు తొక్కేవాడు. అక్కడ బ్రేకు లేదు.

డాక్టరు పరీక్ష చేసి, ఏమన్నా దిగులుందా అని అడిగాడు. లేదన్నాడు అంకమ్మరావు. కూతురి పెళ్ళి చేశాడు, రెండెకరాల మిరప బాగానే కాసింది, భార్య రత్తమ్మ ఆరోగ్యంగా ఉంది. కారణం లేని వ్యాధి చూసి డాక్టరుకే కొంత దిగులు కలిగింది. బండి నడిపేవాడివి, మత్తు మాత్రలు వద్దు, పడుకోబోయే ముందు హాయిగొలిపే శబ్దాలు విను అన్నాడు.

బస్టాండు దగ్గర ఫోన్ల కొట్టు షఫీక్‌కు ఈ శాస్త్రంలో ప్రవేశముంది. అంకమ్మరావు ఫోనులో వేణువు, సముద్రం, అడవి, వాన ఎక్కించి, ఒక చిన్న స్పీకరు పెట్టె చేతికిచ్చి, పసిపిల్లాడిలా నిద్రపోతావు మామా అని దీవించాడు.

వేణువుతో మొదలైంది. పాట ఎక్కడ ఆగుతుందో చూద్దామని అంకమ్మరావు శ్రద్ధగా విన్నాడు. అది ఆగేది కాదట. తెల్లారింది. మర్నాడు సముద్రం. సముద్రాన్ని ఆయన ఒక్కసారే, సూర్యలంకలో చూశాడు. అప్పుడొక అల వచ్చి కొత్త చెప్పుల జతలో ఒకదాన్ని పట్టుకుపోయింది. పెట్టెలో అల ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ ఆయనకు ఆశ పుట్టేది. అడవిలో ఉన్నవన్నీ కీచురాళ్ళే. దొడ్లో ఉచితంగా అరుస్తుంటే వీటికి ఛార్జింగెందుకని రత్తమ్మ ఆపేసింది.

ఇక వాన మిగిలింది. షఫీక్ పట్నవాసి కావడం వల్ల, అందులోనూ ప్రత్యేకంగా రేకుల మీద పడే వానను ఎంపిక చేశాడు.

అంకమ్మరావుది నరసరావుపేట పక్క పల్లె, ఇల్లు ఊరి చివర. ఇంటి పక్కనే మిరప కల్లం. శివరాత్రి వెళ్ళిన కొత్తల్లో పదిళ్ళవాళ్ళ పంట అక్కడ ఎర్రగా పరుచుకుని ఎండుతుంటుంది. ఆ రోజుల్లో నాలుగు చినుకులు పడితే చాలు, కాయ మచ్చపడి, ధర పలకని తాలు కింద పోతుంది. అందుకే మగవాళ్ళంతా కల్లంలోనే మంచాలేసుకుని, ఒక చెవి ఆకాశానికి అప్పగించి పడుకుంటారు. వాన అనే మాటను అప్పుడు పైకి అనడానికే పెద్దలు ఇష్టపడరు.

ఇల్లు పక్కనే గనక అంకమ్మరావు మాత్రం ఇంట్లోనే పడుకునేవాడు. భోజనాలైన కాసేపటికి స్పీకరును కిటికీలో పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి పడుకున్నాడు. తుంపర దగ్గర మొదటిసారిగా ఆయన రెప్పలు బరువెక్కాయి. జల్లు పెద్దదై రేకుల మీద దబదబలాడేసరికి కల్లంలో ఎవరో వానరా అన్నారు.

అది షఫీక్ కొట్టు వాన అని తెలిసిన మగవాడు ఆ ఊళ్ళో ఒక్కడే. అయినా అందరికన్నా ముందు టార్పాలిన్ పట్టా భుజానేసుకుని పరిగెత్తినవాడూ ఆయనే. బుర్రకు తెలిసిన సంగతి కాళ్ళకు చేరడానికి కొంత వ్యవధి కావాలి. రాశుల మీద పట్టాలు కప్పి, అంచులకు రాళ్ళు పెట్టి, అందరూ రొప్పుతూ నిలబడ్డాక వెంకట్రామయ్య బాబాయి అరచెయ్యి చాపి చూశాడు. పొడిగా ఉంది. పైన చుక్కలు. కిటికీలో కుండపోత.

"ఒరేయ్ అంకమ్మరావూ, కాయ కల్లంలో ఉండంగా వాన తెచ్చుకున్నోణ్ణి నిన్నే చూశాన్రా" అన్నాడు వెంకట్రామయ్య.

రత్తమ్మ వెళ్ళి వాన ఆపింది. చెదిరిన నిద్రలు మాత్రం తిరిగి రాలేదు. అందరూ పట్టాల మీదే కూర్చుని, ముందు అంకమ్మరావును, తరవాత షఫీక్‌ను, తరవాత ఫోను కనిపెట్టినవాణ్ణి వరసగా తిట్టి, అక్కడి నుంచి కోటప్పకొండ తిరునాళ్ళలో ఏ ఊరు కట్టి తెచ్చిన ప్రభ ఎత్తు అన్న శాశ్వత వివాదంలోకి దిగారు. క్షమాపణ చెప్పుకుందామని అంకమ్మరావు తన వంతు కోసం ఒక మూల ఒరిగాడు. వంతు వచ్చేసరికి గురక వినిపించింది.

తిట్లు తింటూ నిద్రపోవడం తిట్టేవాళ్ళకు అవమానమే. ఒకతను లేపబోయాడు. వెంకట్రామయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"లేపబాకురా. ఎన్నాళ్ళైందో వాడు రెప్పేసి. తిట్టేదేందో మెల్లగా తిట్టండి."

ఆ తరవాత అంకమ్మరావు మంచం కూడా కల్లంలో చేరింది. ఈ వైద్యాన్ని ఇంట్లోకి తెద్దామని షఫీక్ స్వయంగా వచ్చి, కల్లం కబుర్లు రికార్డు చేసి పెట్టెలో ఎక్కించాడు. పెట్టెలోని వెంకట్రామయ్య ప్రభల గురించి తప్పు చెప్పడం, అంకమ్మరావు లేచి కూర్చుని సరిదిద్దడం, పెట్టె లెక్కచెయ్యకపోవడం జరిగి, ఉన్న నిద్రా పోయింది. మనుషులే కావలసి వచ్చింది. మిరపకాయ టిక్కీ బస్తాలకెక్కి కోల్డ్ స్టోరేజీకి పోయాక కూడా మంచాలు కల్లం వదల్లేదు. ఇంట్లో ఉక్కగా ఉందని ఎవరికి వారు భార్యలకు చెప్పుకున్నారు.

సెలవులు దగ్గరపడుతుండగా అంకమ్మరావు వందన దగ్గరికి వెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె అంతా విని కలం కింద పెట్టింది.

"అంటే, చుట్టూ మనుషులు మాట్లాడుతుంటే మీకు నిద్రొస్తుంది. బస్సులో నలభై మంది పిల్లలు మాట్లాడతారు కదండీ?"

ఈ చిక్కు అంకమ్మరావుకు అంతదాకా తోచలేదు. తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.

"కల్లం కాడ నన్నెవరూ ఏమీ అడగరమ్మా. నేనున్నా లేకున్నా వాళ్ళ మాటలు సాగిపోతయ్యి. బస్సులో అట్టా కాదు. నిమిషానికొకరు డ్రైవరంకుల్ అంటారు. ఇంటికి పోయినా అది చెవుల్లో మోగుతానే ఉంటది. నిద్ర పట్టకపోయేది అందుకేనేమో."

సంగతి పరీక్షించి చూద్దామనుకుంది వందన. తాళంచెవి తీసి ఆయనకిచ్చి, మర్నాటి నుంచి తనే బస్సులో ముందు సీట్లో కూర్చుంది. తొలిరోజు పిల్లలు ఆమెకు భయపడి నోరెత్తలేదు గనక ఆ పరీక్ష చెల్లలేదు. రెండోరోజుకు ఆమె ఉన్న సంగతి మరిచిపోయారు. వాటర్ బాటిల్ కోసం ఒక యుద్ధం, కిటికీ సీటు కోసం మరొకటి నడిచాయి. అన్ని వైపుల నుంచీ అంకుల్ అన్న పిలుపులే. అంకమ్మరావు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఒక్కొక్కరికీ ఊఁ కొడుతూ, ఏ స్టాపూ మరవకుండా ఆగుతూ పోయాడు.

బస్సు బడి ముందు ఆగి, పిల్లలంతా దిగిపోయాక చూస్తే, వందన తల కిటికీ ఊచకు ఆని ఉంది, కళ్ళు మూతపడి ఉన్నాయి. మోత ఆగితే మెలకువ వస్తుందని ఆయన ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. గంట కొట్టేసరికి ఆమే లేచింది. కళ్ళద్దాలు సరిచేసుకుని, రేపటి నుంచి తాను రానక్కర్లేదని, బండి ఆయనే చూసుకోవచ్చని చెప్పి, వెనక్కి చూడకుండా దిగింది.

సరేనమ్మా అన్నాడు అంకమ్మరావు. ఎవరో సీటు కింద మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని, ఏ క్లాసువాడిదో కనుక్కోవడానికి లోపలికి నడిచాడు.