ఖదీర్ చాచా వదిలిన జాగా

మేస్త్రీ గడ్డపారతో మా గాజుల కొట్టు ముందుగోడ పడగొడుతుంటే పాత సున్నం వాసన గుప్పుమంది. కొంగు అడ్డం పెట్టుకున్నా అది నన్ను వదల్లేదు. నారాయణఖేడ్ బజారులో ఇదే వాసన ఇంతకుముందొకసారి పీల్చాను. ఆ రోజు పడుతున్నది పక్కకొట్టు దర్జీ ఖదీర్ చాచా గోడ. పడగొడుతున్నదీ ఆయనే.

పెళ్లై వచ్చిన కొత్తలో నన్ను కొట్లో కూర్చోబెట్టి మా ఆయన పొలానికి పోయేవాడు. బేరమాడేవాళ్లకు జవాబు చెప్పలేక సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. చాచా మిషను తొక్కుతూనే నాకు బజారు నేర్పాడు. "ముందు గిరాకి మొకం చూడు బిడ్డా, గాజులు తర్వాత చూపియ్యి" అనేవాడు. ఈ రోజుకీ నా వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది.

ఒక అంగడి రోజు మనూరు నుంచి దవాఖానకు వస్తున్న జీపు మా కొట్ల ముందు ఇరుక్కుపోయింది. లోపల నొప్పులు పడుతున్న మనిషి. ముందు ఎడ్లబండి, వెనక బస్సు, పక్కన రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన చాచా రేకులు. ఆ రేకులు వంచి జీపును సాగనంపేసరికి అందరికీ చెమటలు పట్టాయి. ఆమె ఏమైందో మాకు తెలియలేదు. చాచా మాత్రం చాలా రోజులు మనూరు నుంచి వచ్చిన ప్రతివాళ్లనీ అడిగాడు.

రోడ్డు వెడల్పు చేయాలన్న మాట ఆ తర్వాతే లేచింది. పంచాయతీకి అంత తాహతు లేదు, సర్కారు గ్రాంటు ఇస్తేనే పని. సర్పంచి వెంట పెద్దమనుషులు హైదరాబాదు పోతే చాచా కూడా పోయాడు. కొట్లవాళ్లు పేచీ పెట్టకుండా జాగా వదిలితే చూద్దామని అక్కడ ఎవరో అధికారి అన్నాడట. అందరూ తిరిగొచ్చి ఎప్పటిలాగే కొట్లు తెరిచారు. చాచా మర్నాడే గడ్డపార పట్టాడు. కొలతలు తీసేవాళ్లు కూడా ఇంకా రాలేదు. గ్రాంటు రానీ, ఇంత తొందరెందుకని నేను అడ్డం పోయాను.

"వాళ్లు చూడనీకి వస్తరు బిడ్డా. ఒక్క కాడన్న ఖాళీ జాగ కనపడాలె గదా" అన్నాడు.

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. సగం కొట్టు మిగిలింది. వానొస్తే గుడ్డలన్నీ తెచ్చి మా కొట్లో పెట్టుకునేవాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని బజారంతా నవ్వింది. చూడటానికి వచ్చిన అధికారులు ఆ మొండిగోడ దగ్గర ఆగి, వానకు కూలిందా అని అడిగి వెళ్లిపోయారు. గ్రాంటు వచ్చిందని ఒకరు, వచ్చి వెనక్కి పోయిందని ఒకరు, వేరే ఊరికి మళ్లిందని మరొకరు అన్నారు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. చాచా వదిలిన జాగాలో మాత్రం నాగల్‌గిద్ద పోయే ఆటోలు ఆగడం మొదలైంది. పిల్లల తల్లులు అక్కడే ఒదిగి నిలబడేవాళ్లు. ఆయన వాళ్లను ఎన్నడూ జరగమనలేదు.

ఒక సాయంత్రం దారం కొరుకుతూ, నా వైపు చూడకుండా, "నేను పాగల్ పని చేసిన్నా బిడ్డా?" అని అడిగాడు. అవునందామంటే నోరు రాలేదు. కాదందామంటే మనసు ఒప్పుకోలేదు. చాయ్ తెప్పించనా చాచా అన్నాను. ఆయన తలూపాడు.

తెలంగాణ వచ్చేనాటికి ఆయన లేడు. రోడ్డు అంతే ఉంది.

ఇప్పుడు మా కొట్టు కొత్తగా కట్టుకుంటున్నాం. పునాది పాత జాగాలోనే తీయాలా అని మేస్త్రీ అడిగాడు. వెనక్కి జరపమన్నాను, ఇంకా అలాగే నిలబడున్న చాచా మొండిగోడ వరసకు.

"రోడ్డు పెద్దగైతదని కాయితం వచ్చిందా అక్కా?"

రాలేదన్నాను.

"మరి గింత జాగ ఎవలికి ఇడుస్తున్నవ్?"

మేస్త్రీ కొలత దారం ఒక కొస చాచా గోడకు కట్టమని చెప్పి, రెండో కొస నేనే పట్టుకుని నిలబడ్డాను.