ఇద్దరు హొసైన్‌లు

రోహయాతికి ఏడు భాషల్లో ఊపిరి పీల్చమని, బిగపట్టమని, వదలమని చెప్పడం వచ్చు. బెంగాలీ, తమిళం, బర్మీస్, థాయ్, సింహళం వచ్చేశాక, ఓడల రేవుకు వచ్చిన శ్రీకాకుళం కుర్రాళ్ళ పుణ్యమా అని తెలుగు కూడా వచ్చింది. ఇంట్లో మాట్లాడే మలాయ్ సరేసరి.

సింగపూరులో పనికి దిగిన వాడెవడైనా పర్మిట్ చేతికి రావాలంటే ముందు రక్తం ఇవ్వాలి, తర్వాత ఆమె ముందు చొక్కా విప్పి ఎక్స్‌రే పలకకు ఛాతీ ఆనించి నిలబడాలి. డాక్టరు సరే అంటే ఉద్యోగం, కాదంటే తిరుగు విమానం. గేలాంగ్ వీధిలోని ఒక క్లినిక్‌లో పదహారేళ్ళుగా ఆమె రోజుకు అరవై, డెబ్భై ఎక్స్‌రేలు తీసేది. మొహాలు గుర్తుండేవి కావు గానీ భుజాలు గుర్తుండేవి. "బజారులో ఎదురుపడితే నన్ను కూడా వెనక నుంచే పోల్చుకుంటుంది," అని ఆమె భర్త జమాలుద్దీన్ చుట్టాల దగ్గర ఎగతాళి చేసేవాడు. అతను బస్సు డ్రైవరు.

ఆ ఏడాది జూన్‌లో ఒక సోమవారం, ఓడలు బాగుచేసే కంపెనీ వాళ్ళు నలభై మంది బంగ్లాదేశ్ మనుషుల్ని ఒకేసారి దింపారు. పేర్లు పిలిచే అమ్మాయి సెలవులో ఉంది. పిలవడం, నిలబెట్టడం, తీయడం, చీకటి గదిలోకి వెళ్ళి ఫిల్ము మూలన పేరు అచ్చు వేయడం అన్నీ రోహయాతే చూసుకుంది. మధ్యాహ్నం నమాజుకు కూడా ఆలస్యమైంది.

బుధవారం ఫలితాలు వచ్చాయి. ముప్పై తొమ్మిది మంది బాగున్నారు. ఖైరుల్ హొసైన్ అనే కుర్రాడికి మాత్రం కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ ఉంది. చూడగానే క్షయ అని తెలిసిపోయేలా ఉంది.

కంపెనీ గుమాస్తా టియో ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. శుక్రవారం విమానానికి టికెట్టు కూడా తీసేశాడు. క్వెక్ డాక్టరు ఫిల్మును దీపం పలక మీద పెట్టి చూపించాడు. కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

వేరే కాగితాల కోసం లోపలికొచ్చిన రోహయాతి కళ్ళు ఆ ఫిల్ము మీద పడ్డాయి. ఆమె మచ్చను చూడలేదు. ఎడమ కాలర్‌బోన్‌ను చూసింది. ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుని, బొడిపెలా లేచింది. భుజాలు ముందుకు వంచమంటే ఎడమది సరిగా రాక మూలిగిన మనిషి ఆమెకు గుర్తున్నాడు. అతని గడ్డానికి గోరింటాకు రంగు ఉంది. ఈ కుర్రాడికి గడ్డమే లేదు.

"తమ్ముడూ, నీ భుజం ఎప్పుడైనా విరిగిందా?" అని బెంగాలీలో అడిగింది. పదహారేళ్ళలో ఆ భాష మాత్రం మాట్లాడేంత వచ్చింది.

"లేదక్కా. ఎందుకు?"

ఆమె చీకటి గదిలోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆ రోజు వరసలో ఇద్దరు హొసైన్‌లు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఖైరుల్, బద్రుల్. పేర్ల చీటీలు తారుమారు చేసింది తనే. నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. విప్పితే ఈ కుర్రాడు ఉంటాడు, ఆ గడ్డపాయన పోతాడు, తన పదహారేళ్ళ మంచిపేరు కూడా పోతుంది. అర నిమిషం అలా కూర్చుని లేచింది.

"డాక్టర్, ఈ ఫిల్ము ఇతనిది కాదు. నేను తప్పు పేరు వేశాను."

టియో తల కొట్టుకున్నాడు. "టికెట్టు కొనేశాను తల్లీ, ఇప్పుడా చెప్పేది?"

క్వెక్ డాక్టరు అరవలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. "ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఇలా జరిగింది, రోహయాతీ?"

"తెలియదు డాక్టర్. నాకు తెలిసింది ఇదొక్కటే."

ఆ సాయంత్రమే ఇద్దరికీ మళ్ళీ తీశారు. ఖైరుల్ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. బద్రుల్‌కు మచ్చ అలాగే ఉంది, బొడిపె కూడా ఉంది. కఫం పరీక్షలోనూ జబ్బు బయటపడింది. ఆ సంగతి తనే చెబుతానని రోహయాతి డాక్టరును అడిగింది.

"మొన్న బాగున్నానన్నారు కదా చెల్లెమ్మా," అన్నాడు బద్రుల్.

"మొన్న చూసింది నీ ఫిల్ము కాదన్నా. పొరపాటు నాదే."

"అయితే వాడి ఊపిరితిత్తులు నాకిచ్చి, నావి వాడికిచ్చావన్నమాట." అతను చొక్కా గుండీలు నెమ్మదిగా పెట్టుకున్నాడు. "అలాగే ఉంచేస్తే నీ సొమ్మేం పోయేది?"

"గదిలో మీరు పన్నెండు మంది పడుకుంటారు. అందరికీ అంటుకునేది. ఏ జబ్బూ లేనివాడు ఊరికి పోయి మందులు మింగేవాడు."

"అవన్నీ నీకు తెలిసిన లెక్కలు. నేను భూమి అమ్ముకుని వచ్చాను," అని సలాం కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

డాక్టరు ఆమెకు హెచ్చరిక కాగితం ఇచ్చాడు. ఆ ఏడు జీతం పెరగలేదు. మర్నాటి నుంచి ఆమె ప్రతి మనిషి చేతా అతని పేరు, తండ్రి పేరు పైకి చెప్పించి, ఆ చీటీ ఫిల్ముతోనే చీకటి గదికి వెళ్ళేలా పెట్టింది. వరస బయట మెట్ల దాకా పెరిగింది. "ఛాతీ తీయడానికి వాళ్ళ నాన్న పేరెందుకమ్మా, పెళ్ళి సంబంధమా?" అని టియో విసుక్కున్నా ఆమె మానలేదు.

ఆ శనివారం పొద్దున్న జమాలుద్దీన్‌ను తోడు తీసుకుని ఆమె పనివాళ్ళ వసతికి వెళ్ళింది. చేతిలో డాక్టరిచ్చిన నెల మందులు, మిగతా మందుల కోసం ఢాకా ఆస్పత్రికి రాసిన ఉత్తరం ఉన్నాయి. బద్రుల్ పెట్టె సర్దుకుంటున్నాడు. ఖైరుల్ దానికి తాడు కడుతున్నాడు.

"ఆరు నెలలు వేసుకోవాలి అన్నా. రెండో నెలకే ఒళ్ళు తేలికవుతుంది. అప్పుడు మానేస్తే జబ్బు మళ్ళీ లేస్తుంది, ఈసారి మందుకు లొంగదు."

బద్రుల్ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మళ్ళీ చెప్పు. వీడు రాసుకుంటాడు."

ఆమె మళ్ళీ చెప్పింది. ఖైరుల్ సిగరెట్ పెట్టె అట్ట చింపి బెంగాలీలో రాసుకున్నాడు. బద్రుల్ ఆ అట్టను రెండుసార్లు చదివించుకుని, ఉత్తరంతో కలిపి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"నీ మీద కోపం పోలేదు చెల్లెమ్మా," అన్నాడు. "మందులు మాత్రం వేసుకుంటాను."

"అంతే చాలన్నా," అంది రోహయాతి.

విమానాశ్రయానికి వెళ్ళే వ్యాను వచ్చింది. పెట్టెను ఖైరుల్ ఒక పక్క, జమాలుద్దీన్ ఒక పక్క పట్టుకుని ఎక్కించారు.