రాని పచ్చకామెర్ల నుండి నాకు కలిగిన విడుదల

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం మైకు పట్టుకుని ఇంత ధైర్యంగా నిలబడిన ఈ సుగుణ, రెండేళ్ళ కిందట నోరు మూస్తే భయం, తెరిస్తే అబద్ధం అన్నట్టు బతికిన మనిషి! నవ్వకండి, నిజం చెబుతున్నాను. పాస్టరు అయ్యగారు నాకు పది నిమిషాలే ఇచ్చారు, లాయరు చేతికి మైకిచ్చి పది నిమిషాలు అనడం ఆయన విశ్వాసం, ఆ విశ్వాసాన్ని దేవుడు ఘనపరచును గాక!

మా నాన్న మైపాడు రోడ్డులో షేర్ ఆటో తోలుతాడు, మీలో సగం మంది ఆయన ఆటో ఎక్కినవాళ్ళే. నేను లా పాసైన రోజు ఆయన నల్లగౌనులో ఉన్న నా ఫోటో ఆటో అద్దం మీద అంటించుకుని ఎక్కినవాళ్ళకల్లా చూపించాడు. అయితే చదువు అయిపోగానే లాయరు అయిపోరు సహోదరులారా, బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా పేరు రాసుకుంటారు, తరువాత రెండేళ్ళలోపు ఇంకో పరీక్ష పాసవ్వాలి, ఈలోపల ఒక సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా చేరి పని నేర్చుకోవాలి, ఆ నేర్చుకోవడమే అసలు చదువు. నాకు ఆ చదువు రాదు! ఎందుకు రాదంటే కాలేజీలో ఉన్నప్పుడు కోర్టుకు వెళ్ళి కేసులు కళ్ళారా చూసి రికార్డు రాయాలి అన్నారు, మేమేం చేశామంటే పై క్లాసు వాళ్ళ రికార్డు తెచ్చుకుని హాస్టల్లో కూర్చుని చూసి రాసేశాం, మార్కులు కూడా బ్రహ్మాండంగా వచ్చాయి, అయ్యో దేవా! చూడని కోర్టును చూశానని సంతకం పెట్టిన చెయ్యి ఇది.

అలాంటి నన్ను నెల్లూరులో ఒక పెద్ద లాయరు గారు దయతో జూనియర్‌గా చేర్చుకున్నారు. ఆయన దగ్గర పోలమ్మవ్వ కేసు ఉండేది. పోలమ్మవ్వ మైపాడులో చేపలమ్ముకునే ముసలమ్మ, మన సంఘం మనిషి కాదు, హిందువు. ఆమె ఇంటి నుండి రోడ్డు మీదికి గంప ఎత్తుకుని వచ్చే దారి ఒక్కటే, ఆ దారి నాదేనని పక్కింటాయన మూయబోతే ఆమె కోర్టుకు వచ్చింది, కేసు తేలేవరకు దారి ముట్టుకోవద్దని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆమె బతుకంతా ఆ దారి మీదే ఉంది సహోదరులారా, అది మూస్తే తడి గంప నెత్తిన పెట్టుకుని ఉప్పునీటి కాలువ దిగి చుట్టూ తిరిగి రావాలి.

ఒక రోజు మా సీనియర్ గారు పై అంతస్తు కోర్టులో వాదిస్తున్నారు, నన్ను పిలిచి, కింద కోర్టులో పోలమ్మ కేసు పిలిస్తే లేచి నిలబడి, సీనియర్ గారు పై కోర్టులో ఉన్నారు, కాసేపు ఆగి పిలవండి అని ఒక్క ముక్క చెప్పమన్నారు. ఒక్క ముక్క! పోలమ్మవ్వకు ఆ రోజు రానక్కర్లేదని ముందే నేనే చెప్పి ఉన్నాను. కేసు పిలిచారు. నేను లేచాను. జడ్జి గారు తల ఎత్తి నా వైపు చూశారు, అంతే, గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది, ఒక్క అక్షరం రాలేదు, పక్కన ఎవరో నవ్వినట్టు అనిపించింది, నేను ఫైలు గుండెకు హత్తుకుని వెనక తలుపులోంచి వరండాలోకి వచ్చేశాను! బంట్రోతు వాది పేరు మూడుసార్లు గట్టిగా పిలిచాడు, నేను స్తంభం వెనక నిలబడి మూడుసార్లూ విన్నాను. వాది రాలేదు, వాది తరఫున ఎవరూ లేరు అని కేసు కొట్టేశారు, దారి మీద ఉన్న ఉత్తర్వు కూడా దాంతోనే పోయింది.

సీనియర్ గారు దిగి వచ్చి ఏమైందని అడిగితే, "వాయిదా పడింది సార్" అన్నాను. డైరీలో నా చేత్తోనే ఒక తేదీ కూడా వేశాను. ఆ తేదీ వస్తే మళ్ళీ నేనే కోర్టుకు వెళ్ళినట్టు వెళ్ళి ఇంకో తేదీ వేశాను. కొట్టేసిన కేసును తిరిగి తెరవమని ముప్పై రోజుల్లో అడగాలి, ఆ ముప్పై రోజులూ నా కళ్ళ ముందే దాటిపోయాయి, నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను! పాపం పోలమ్మవ్వ ఒక్కో తేదీకి ఆ రోజు వ్యాపారం మానుకుని బస్సెక్కి వచ్చేది, ఆమె లోపలికి పోతే అంతా బయటపడుతుందని నేను గేటు దగ్గరే కాచుకుని, జడ్జి గారు సెలవు అవ్వా అనేదాన్ని. మూడుసార్లు అన్నాను. మూడోసారి ఆమె నాకోసం ఆకులో చుట్టి ఎండు చేపలు తెచ్చింది, "ఎండలో నిలబడి నాకోసం చూస్తుండావే, తిను మే" అంది. నేను ఆ ఆదివారం కూడా ఇక్కడే, ఈ సంఘంలోనే, చేతులెత్తి స్తుతి పాటలు పాడాను సహోదరులారా!

ఆ తరువాతి వారమే పోలమ్మవ్వ గాబరాగా ఆఫీసుకు వచ్చింది. పక్కింటాయన రాతి స్తంభాలు నాటి కంచె వేసేశాడు. "కేసు కోర్టులో ఉండంగా ఎట్టా ఏస్తాడు లాయరమ్మా? నువ్వు ఉండావు గదా, అడుగు వాణ్ణి!" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె వెళ్ళాక మా ఆఫీసు గుమాస్తా మస్తానయ్య గారి దగ్గర కూర్చుని మొత్తం కక్కేశాను, సీనియర్ గారికి మాత్రం చెప్పొద్దని ఏడ్చాను.

మస్తానయ్య గారు ఏం చేశారో తెలుసా? నవ్వారు! "ఇంతేనా మే? ఈమాత్రానికి ఏడుస్తారా? భయపడబాక, పచ్చకామెర్లు పెడదాం" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన కంప్యూటర్ తెరిచి చూపించారు, ఆలస్యాన్ని మన్నించి కేసు తిరిగి తెరవమని కోర్టుకిచ్చే అఫిడవిట్ ఒకటి తయారుగా ఉంది, పేరు మార్చడమే తరువాయి. ఫలానా నాకు పచ్చకామెర్లు సోకి, మంచం పట్టి, ఊళ్ళో ఆకు పసరు మందు తింటూ పథ్యంలో ఉన్నందున కోర్టుకు రాలేకపోయాను అని! ఆ కంప్యూటర్లో ఎంతమందికి పచ్చకామెర్లు వచ్చి తగ్గాయో లెక్కలేదు, చనిపోయినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. సీనియర్ గారి సంతకం మిగతా కాగితాల్లో కలిపి పెట్టిస్తానన్నారు, పోలమ్మవ్వ వేలిముద్ర తెచ్చే పని నాది. నేనేమన్నానో తెలుసా? "స్తోత్రం ప్రభువా!" అన్నాను! దేవుడే దారి చూపించాడు అనుకున్నాను, ఎంత గుడ్డిదాన్ని!

మరునాడు మధ్యాహ్నం మైపాడు వెళ్ళాను. వేలిముద్ర వేయించే ముందు కాగితం చదివి వినిపించాలి, చదివి వినిపించాను అని కింద రాసి కూడా ఉంటుంది. పోలమ్మవ్వ చేపలు ఆరబెట్టుకుంటూ "చదువు పాపా" అంది. గబగబా చదివేశాను. పచ్చకామెర్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నాకెప్పుడొచ్చినాయి మే పచ్చకామెర్లు?"

"ఊరికే అట్టా రాస్తారు అవ్వా, కోర్టులో అందరూ అట్టాగే రాస్తారు."

"నేను ఒక్కరోజన్నా మంచంలో పడుకున్నానా? ఆ పక్కింటోడే రోజూ నా కాడ చేపలు కొనుక్కోని తిన్నాడు, వాడికి తెలవదా? నన్ను బోనెక్కించి అడిగితే నేనేం చెప్పేది?" అని, కాసేపు నా మొహంలోకి చూసి అడిగింది సహోదరులారా, "నువ్వు ఏసయ్య బిడ్డవు గదా, మీ దేవుడు ఒప్పుకుంటాడా ఇందుకు?"

నేను వాక్యం వింటూ పెరిగినదాన్ని! చర్చి గడప తొక్కని మనిషి నోటితో దేవుడు నన్ను అడిగాడు! ఆ ఎండలో, ఆ ఎండు చేపల మధ్య, ఇసుకలో మోకాళ్ళ మీద పడిపోయి, "ప్రభువా, నేను దొంగను, నేను ఈమె దారి మూసేశాను, ఆ స్తంభాలు పాతింది పక్కింటాయన కాదు నేనే, నన్ను క్షమించు, మూగబోయిన నా నోరు నువ్వే తెరువు, నా గౌను పోతే పోనీ, ఈమె దారి ఈమెకు ఇప్పించు" అని గట్టిగా ఏడ్చాను, ఏడుస్తూనే అవ్వకు మొదటి రోజు నుండి జరిగినదంతా చెప్పేశాను. ఆమె నన్ను ఓదార్చిందనుకుంటున్నారా? తిట్టింది! "మూడు తడవలు బస్సెక్కించి నన్ను గేటు కాడ నుంచే తోలినావు గదే! నీ నోట్లో మన్ను పొయ్య!" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపటికి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, "మొకం కడుక్కో. ఇప్పుడు ఏం చెయ్యాల్నో అది చెయ్యి" అంది. ఆ పచ్చకామెర్ల కాగితం నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుని వచ్చేశాను.

తెల్లవారి సీనియర్ గారి ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది! కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "నిజం రాస్తే అవతలి లాయరు నీమీద బార్ కౌన్సిల్‌కు పోవచ్చు. నీ పరీక్ష, నీ పేరు, అన్నీ పోవచ్చు. ఆలోచించుకున్నావా?" అన్నారు. ఆలోచించుకున్నాను సార్ అన్నాను. "అయితే అఫిడవిట్ నీ పేరు మీదే వెయ్యి. కోర్టులో కూడా నువ్వే చెప్పాలి. నేను పక్కన ఉంటాను, మాట్లాడను" అన్నారు. నాన్నకు చెబితే ఆటో ఆపి, అద్దం మీది నా ఫోటో వైపు ఒకసారి చూసి, "ఆమె దారి ఆమెకు రావాల, పో" అన్నాడు.

ఆ రోజు వచ్చింది! అమ్మ ఇంట్లో ఉపవాసం, ఇక్కడ మీరు నాకోసం ప్రార్థన! అవతలి లాయరు గారు నా కాగితం చేతిలో ఊపుతూ, ఒక్క మాట చెప్పలేక పారిపోయి, మూడు నెలలు దొంగ తేదీలు చెప్పిన మనిషి గౌనుకు తగదు అని వాదించారు, ఆయన చెప్పినదంతా నిజమే! జడ్జి గారు నా వైపు చూసి, "ఇది మీరే రాశారా అమ్మా?" అని అడిగారు. అదే కోర్టు, అవే కళ్ళు, మళ్ళీ గొంతు పట్టేసింది, లోపల "యేసయ్యా" అన్నాను, హల్లెలూయా, నా గొంతు తెరుచుకుంది! "అవునండీ, నేనే రాశాను, భయపడి పారిపోయింది నేను, అబద్ధం చెప్పింది నేను, ఆ రోజు ఆమెను రానక్కర్లేదన్నది నేను, తరువాత ఆమె ప్రతి తేదీకీ వచ్చింది, నేనే లోపలికి రానివ్వలేదు, శిక్ష ఏదైనా నాకు వేయండి, ఆమె దారి మాత్రం ఆమెకు తెరిపించండి" అన్నాను. నా గొంతు వరండాలో ఉన్న అవ్వకు కూడా వినిపించిందట!

జడ్జి గారు కాగితం ఇంకోసారి చూసి, "ఇన్నాళ్ళలో పచ్చకామెర్లు లేని ఆలస్యం పిటిషన్ నేను ఇదే చూడటం" అన్నారు. కోర్టంతా నవ్వింది, మస్తానయ్య గారు తల గోక్కున్నారు. లాయరు తప్పుకు కక్షిదారు నష్టపోకూడదు అని చెప్పి కేసు తిరిగి తెరిచారు, దారి మీద ఉత్తర్వు మళ్ళీ నిలబెట్టారు, నన్ను మాత్రం అందరి ముందూ నిలబెట్టి గట్టిగా హెచ్చరించారు, అది కూడా దేవుని కృపే! వారం తిరగకముందే స్తంభాలు లేచిపోయాయి. దేవునికే మహిమ!

సహోదరులారా, ఆ తరువాత నేను పరీక్ష రాశాను, పాసయ్యాను, ఎవరూ నామీద ఫిర్యాదు చేయలేదు. కానీ నన్ను ఏడిపించింది అది కాదు. నాకు సర్టిఫికెట్ వచ్చిందని విని పోలమ్మవ్వ ఆఫీసుకు వచ్చింది, తన కేసు ఇకమీద నా పేరు మీదే నడపమంది, నా పేరున తెచ్చుకున్న మొట్టమొదటి వకాలత్ కాగితం మీద వేలిముద్ర వేసింది! సీనియర్ గారే ఆ కాగితం ఆమె ముందు పెట్టారు. నేను తట్టుకోలేక, "నేను నిన్ను మోసం చేసినదాన్ని అవ్వా, నన్నెట్టా నమ్ముతావు?" అన్నాను. ఆమె వేలికున్న సిరా చీర కొంగుకు తుడుచుకుంటూ, "ఈసారి నువ్వు అబద్ధమాడితే నీ మొకం చూస్తే నాకు తెలిసిపోద్ది మే, అట్టాంటి లాయరు నాకు మళ్ళా ఎక్కడ దొరుకుద్ది?" అంది.

మీలో ఎవరైనా భయపడి ఒక అబద్ధం చెప్పి, దాన్ని కప్పడానికి ఇంకోటి చెబుతూ, కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నారా? నేను అక్కడి నుండే వచ్చాను. మీరు మోసం చేసిన మనిషి ఎవరో మీకు తెలుసు, ఆ మనిషి ఇల్లు ఎక్కడో కూడా తెలుసు. ప్రభువును నమ్మండి, ఆమేన్ అన్నాక ఇంటికి పోకండి, ముందు ఆ గడపకు పోయి నోరు తెరవండి. తిడతారు. తిట్టనివ్వండి. నా నోరు తెరిచిన దేవుడు అక్కడ మీ పక్కనే నిలబడి ఉంటాడు.